డాట్ మీద డాట్ పెట్టి రాసిన ఒక్క రిక్వెస్ట్ సర్వర్‌కి మూడుసార్లు ఎందుకు వెళ్తోంది?

మాదాపూర్_కొత్త
అందరికీ నమస్తే. మాది మాదాపూర్‌లో చిన్న ఆఫీసు, మధ్యాహ్నం భోజనం ఆర్డర్లు తీసుకునే యాప్. సర్వర్‌కి రిక్వెస్ట్‌లు పంపడానికి నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) సూపర్‌ఏజెంట్ అనే లైబ్రరీ వాడుతున్నాం. ఆర్డర్ పంపే చోట పోస్ట్ (సర్వర్‌కి డేటా పంపే రిక్వెస్ట్), దాని వెనకే సెట్ (హెడర్, అంటే రిక్వెస్ట్ గురించిన వివరం పెట్టేది), సెండ్ (బాడీ, అంటే అసలు డేటా ఇచ్చేది), టైమౌట్ 3000 (మూడు సెకన్లే ఆగమని), రిట్రై 2 (విఫలమైతే ఇంకో రెండుసార్లు పంపమని), అన్నీ డాట్లతో ఒకే గొలుసుగా రాసి ముందు అవెయిట్ (జవాబు వచ్చేదాకా ఆగమని) పెట్టాను. టెస్టింగ్‌లో ఒక్క తప్పు రాలేదు. కానీ రోజూ ఒంటిగంట దాటాక కొందరికి ఒకే ఆర్డర్ రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు పడుతోంది. నిన్న గచ్చిబౌలిలో ఒకావిడకి మూడు భోజనాలు వెళ్లాయి, డబ్బులు కూడా మూడుసార్లు కట్ అయ్యాయి. ఫోన్‌లో ఆవిడతో మాట్లాడింది నేనే, చాలా బాధేసింది. మూడు ప్రశ్నలు. 1) ఇలా ఎందుకు జరుగుతోంది? 2) ఫొటో, జేసన్ (టెక్స్ట్‌గా రాసిన డేటా) ఒకే రిక్వెస్ట్‌లో పంపబోతే ఎర్రర్ వస్తోంది, ఎలా పంపాలి? 3) ఇదంతా వదిలేసి ఫెచ్‌కి (రిక్వెస్ట్‌లు పంపడానికి నోడ్‌లోనే ఉండే ఫంక్షన్) మారిపోవాలా?

కూకట్‌పల్లి_కాల్‌బ్యాక్
ఎక్కడో ఎండ్ (రిక్వెస్ట్‌ని పంపేసే పాత పద్ధతి మెథడ్) కూడా పిలుస్తున్నావు, చూసుకో. మా దగ్గర అచ్చం ఇదే. పాత కోడంతా ఎండ్ లోపల కాల్‌బ్యాక్‌తో (జవాబు వచ్చాక పిలిచే ఫంక్షన్) ఉండేది, ఎవరో దాన్ని కొత్తగా మారుద్దామని ముందు అవెయిట్ తగిలించి ఎండ్‌ని అలాగే వదిలేశారు. ఎండ్ ఒకసారి పంపుతుంది, అవెయిట్ లోపల్నుంచి దెన్‌ని (జవాబు వచ్చాక ఏం చేయాలో తీసుకునే మెథడ్) పిలిచి ఇంకోసారి పంపుతుంది. కస్టమర్లకి ఓటీపీ మెసేజ్‌లు రెండేసి వెళ్లాయి, మొదటిది కొడితే చెల్లలేదు. రిక్వెస్ట్ రెండుసార్లు వెళ్లిందని లైబ్రరీ కన్సోల్‌లో వార్నింగ్ ఇస్తూనే ఉంది, ఆ లాగ్ తెరిచిన వాళ్లు మా టీమ్‌లో పదకొండు రోజులు ఒక్కరూ లేరు.

మాదాపూర్_కొత్త
అన్నా, ఎండ్ ఎక్కడా లేదు, ఫైల్ మొత్తం వెతికాను. ఆ వార్నింగ్ కూడా లాగ్‌లో లేదు.

బ్యాకెండ్_బాబాయ్
నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. టైమౌట్ 3000, రిట్రై 2. పోస్ట్ మీద రిట్రై ఎవరు పెట్టమన్నారు? మధ్యాహ్నం రద్దీలో సర్వర్ నాలుగు సెకన్లు తీసుకుంటుంది అనుకో. మూడో సెకనుకి నీ క్లయింట్ (రిక్వెస్ట్ పంపే నీ కోడ్) విసిగి లైన్ కట్ చేసుకుంటుంది, అంతే, అవతల సర్వర్ తన పని ఆపదు, ఆర్డర్ రాసేస్తుంది. ఇవతల లైబ్రరీ టైమౌట్‌ని కూడా రిట్రై చేయాల్సిన తప్పుల్లోనే లెక్కేసి మళ్లీ పంపుతుంది, ఇంకోసారి పంపుతుంది. మొదటిది ఒకటి, రిట్రైలు రెండు, మొత్తం మూడు. మూడు భోజనాలు. నేను పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, గొలుసు చూడగానే చెప్పేయగలను. రిట్రైని మళ్లీ మళ్లీ చేసినా ఫలితం మారని రిక్వెస్ట్‌లకే వాడాలని ఆ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అది చదవరు. అమీర్‌పేటలో నలభై రోజుల కోర్సు చేసి, నోట్స్‌లో ఉన్న గొలుసు కాపీ కొట్టి ప్రొడక్షన్‌లో పెడితే ఇలాగే ఉంటుంది.

మైత్రివనం_బ్యాచ్
బాబాయ్ గారూ, మీ జవాబు కరెక్ట్, చివరి ముక్క తప్పు. నేను అమీర్‌పేటలోనే మైత్రివనం వెనక సందులో కోచింగ్ తీసుకున్నవాణ్ణే. హాస్టల్లో ఆరుగురం ఒక గది, పొద్దున ఆరింటి బ్యాచ్, రాత్రి పన్నెండు దాకా ప్రాక్టీసు. ఐడెంపొటెన్సీ (మళ్లీ మళ్లీ చేసినా ఫలితం మారకపోవడం) అనే మాట నాకు మొదట చెప్పింది అక్కడి సారే, బోర్డు మీద బ్యాంక్ లావాదేవీ బొమ్మ గీసి మరీ చెప్పారు. పెద్ద కాలేజీల్లో చదివి వచ్చిన వాళ్లు కూడా పోస్ట్ మీద రిట్రై పెట్టడం నా కళ్లతో చూశాను. ఊరి పేరు పెట్టి తిట్టకండి.

బ్యాకెండ్_బాబాయ్
నేను తిట్టింది ఊరిని కాదు, చదవకుండా రాసే అలవాటుని.

మైత్రివనం_బ్యాచ్
అయితే అలవాటు అనండి. అమీర్‌పేట అన్నారు మీరు, పైన అందరికీ కనిపిస్తోంది.

సికింద్రాబాద్_అసింక్
నా బాధ వేరే. టోకెన్ (లాగిన్ గుర్తింపు) తగిలించే పని ఒక ఫంక్షన్‌కి అప్పజెప్పాను. టోకెన్ తేవడానికి అవెయిట్ కావాలి కాబట్టి దాన్ని అసింక్ ఫంక్షన్‌గా రాశాను. అది రిక్వెస్ట్ తీసుకుని, హెడర్ సెట్ చేసి, అదే రిక్వెస్ట్‌ని రిటర్న్ చేస్తుంది. బయటికొచ్చాక నేను సెండ్ కలుపుదామంటే సెండ్ అనే ఫంక్షనే లేదని ఎర్రర్. రెండు రోజులు పట్టింది తెలుసుకోవడానికి. ఈ రిక్వెస్ట్ ఆబ్జెక్ట్‌కి దెన్ ఉంటుంది కదా, దెన్ ఉన్న దేన్నైనా అసింక్ ఫంక్షన్ నుంచి రిటర్న్ చేస్తే జావాస్క్రిప్ట్ తనే ఆ దెన్‌ని పిలిచేస్తుంది. అంటే బాడీ లేకుండానే రిక్వెస్ట్ వెళ్లిపోయింది, నా చేతికి వచ్చింది రెస్పాన్స్. అప్పట్నుంచి టోకెన్ ముందే తెచ్చి పెట్టుకుంటున్నాను, గొలుసు కట్టే ఫంక్షన్ ఏదీ అసింక్ కాదు. రిక్వెస్ట్‌ని ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, షరతుని బట్టి కింది లైన్లలో ఒక్కో సెట్ కలుపుకోవడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం. ఆఖరి అవెయిట్ దాకా ఏదీ బయటికి పోదు, కాబట్టి ఏది ముందు ఏది వెనక అనే గొడవ కూడా లేదు.

నైట్‌షిఫ్ట్_రాయదుర్గం
అందరూ క్లయింట్‌నే అంటున్నారు. అసలు తప్పు సర్వర్‌ది. రిట్రై తీసేసినంత మాత్రాన డబుల్ ఆర్డర్లు ఆగుతాయా? మెట్రోలో సిగ్నల్ పోయి వస్తుంది, మనిషి బటన్ రెండుసార్లు నొక్కుతాడు, యాప్ మూసి మళ్లీ తెరిచి నొక్కుతాడు. సర్వర్‌లో కాపలా లేకపోతే క్లయింట్ ఎంత శుభ్రంగా రాసినా దండగ.

బ్యాకెండ్_బాబాయ్
ఈ రాత్రికి సర్వర్ మార్చగలడా అతను? రిట్రై తీసేయడం ఒక్క లైన్. ముందు రక్తం ఆపాలి కదా.

నైట్‌షిఫ్ట్_రాయదుర్గం
తీసేస్తే నెట్ సరిగా లేని చోట ఆర్డర్లే పడవు. అప్పుడు ఆకలితో కూర్చున్న మనిషికి ఏం చెప్తారు? 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 (హెచ్‌టీటీపీ నియమాల పత్రం) గెట్, పుట్, డిలీట్ అనే రిక్వెస్ట్ రకాలని ఐడెంపొటెంట్ అంటుంది, పోస్ట్‌ని అనదు, నిజమే. కానీ పోస్ట్‌కి ఒక కీ (ఆ ఒక్క ఆర్డర్‌కే ఉండే గుర్తు) ఇచ్చి దాన్ని అలా మార్చుకోవచ్చు. పేమెంట్ గేట్‌వేలు ఆ కీ తీసుకుంటున్నది అందుకే.

బ్యాకెండ్_బాబాయ్
నాకు ఆర్‌ఎఫ్‌సీ నేర్పుతున్నావా? నువ్వు చెప్పే ఆ కాపలా చాలామంది ఎలా రాస్తారో చూశాను. ముందు సెలెక్ట్ చేసి (డేటాబేస్‌లో వెతికి) ఆర్డర్ ఉందా అని అడుగుతారు, లేకపోతే ఇన్సర్ట్ (కొత్తగా రాయడం). రెండు రిక్వెస్ట్‌లు ఒకే క్షణంలో వస్తే రెండింటికీ లేదనే జవాబు వస్తుంది, రెండూ రాసేస్తాయి. రద్దీలోనే ఇలా జరుగుతుంది, రద్దీలోనే మనకి కాపలా కావాలి.

నైట్‌షిఫ్ట్_రాయదుర్గం
సెలెక్ట్ అని నేనెక్కడ అన్నాను? నేను అననిది నా నోట్లో పెట్టకండి. టేబుల్‌లో ఆ కీ కాలమ్ మీద యూనిక్ ఇండెక్స్. రెండో ఇన్సర్ట్‌ని డేటాబేసే తిప్పి కొడుతుంది, అప్పుడు ఎర్రర్ చూపించకుండా మొదటి ఆర్డర్ వివరాలే జవాబుగా పంపాలి. ఇది నేను రాసి నడుపుతున్నాను, ఊరికే చెప్పడం లేదు.

నల్లకుంట_అక్షరం
ఇక్కడ ఎవరైనా తెలుగు మాటలతో సెర్చ్ చేసే యాప్ రాస్తున్నారా? నేను హైదరాబాద్ అని తెలుగులో ఇచ్చి వెతికితే ఎప్పుడూ సున్నా ఫలితాలే వచ్చేవి. కారణం, విలువని నేను ముందే ఎన్‌కోడ్ చేసి (యూఆర్‌ఎల్‌లో వెళ్లేలా % గుర్తులతో మార్చి) క్వెరీ అనే మెథడ్‌కి ఇస్తున్నాను, అది తన పనిగా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తోంది. శాతం గుర్తే %25 అయిపోయి వెళ్తోంది. మామూలు తెలుగు మాట ఆబ్జెక్ట్‌గా ఇచ్చేస్తే సరిపోయింది. ఇంకో మాట, ఆ ఒక్క పదంలో గుణింతం గుర్తులు, పొల్లుతో కలిపి 9 కోడ్ పాయింట్లు (యూనికోడ్ గుర్తులు) ఉన్నాయి, ఒక్కోటి యూటీఎఫ్ 8లో (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) 3 బైట్లు, ఒక్కో బైటు యూఆర్‌ఎల్‌లో 3 అక్షరాలు, అంటే 81 అక్షరాలు. తెలుగులో పొడుగు వాక్యాలు గెట్‌లో పంపితే యూఆర్‌ఎల్ ఎంత పెరుగుతుందో లెక్క వేసుకోండి. మన భాషలో రాసేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి, ఇంగ్లీషులో టెస్ట్ చేసి వదిలేస్తే తెలియదు.

మైత్రివనం_బ్యాచ్
ఇది చాలా అవసరమైన విషయం అక్కా, మా చిరునామా సెర్చ్‌లో కూడా ఇదే అనుకుంటా, రేపే చూస్తాను.

కూకట్‌పల్లి_కాల్‌బ్యాక్
ఫెచ్‌కి మారాలా అన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నోడ్ 18 నుంచి, అంటే 2022 నుంచి ఫెచ్ లోపలే వస్తోంది, కొత్త ప్రాజెక్ట్ అయితే నేను అదే వాడతాను. రిక్వెస్ట్ అనే పాత లైబ్రరీని 2020లో ఆపేశారు, అప్పుడు మేం పడ్డ అవస్థ ఇంకా గుర్తుంది, బయటి లైబ్రరీ ఎంత తక్కువ ఉంటే అంత నయం. కాకపోతే జాగ్రత్త, ఫెచ్‌కి 404 (అడిగింది లేదు) వచ్చినా 500 (సర్వర్‌లో తప్పు) వచ్చినా అది తప్పుగా లేవదు, ఓకే అనే విలువని నువ్వే చూసుకోవాలి. సూపర్‌ఏజెంట్ 4తో, 5తో మొదలయ్యే స్టేటస్‌లని తనే ఎర్రర్‌గా పడేస్తుంది. మా వాడొకడు ఫెచ్‌కి మార్చి ఆ చెక్ మర్చిపోయాడు, సర్వర్ 500 ఇస్తుంటే స్క్రీన్ మీద ఆర్డర్ విజయవంతం అని వచ్చింది.

సికింద్రాబాద్_అసింక్
గాట్ గానీ కేవై గానీ చూడు తమ్ముడూ, అవీ ఇలాంటి లైబ్రరీలే. ఆ రెండూ రిట్రై వాటంతటవే చేస్తాయి, కానీ మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప పోస్ట్‌ని ముట్టుకోవు. సూపర్‌ఏజెంట్ రిట్రై అంటే పోస్టా గెట్టా అని చూడదు. గొలుసు చదవడానికి బాగుంటుంది గనక ఏ మెథడ్ ఏ రిక్వెస్ట్ మీద పెట్టకూడదో ఎవరూ ఆలోచించరు, నా అభిప్రాయంలో అదే దీని ప్రమాదం.

బ్యాకెండ్_బాబాయ్
ఒప్పుకుంటాను. జావాలో బిల్డర్ (ఆబ్జెక్ట్‌ని ముక్కముక్కగా కట్టేది) కూడా గొలుసే, కానీ చివర బిల్డ్ అంటాం, పంపడం వేరే లైన్. 11వ వెర్షన్‌లో వచ్చిన హెచ్‌టీటీపీ క్లయింట్‌లో రిక్వెస్ట్ ఒకసారి తయారైతే ఇక మారదు. ఎక్కడ కట్టాం, ఎక్కడ పంపాం అనేది కళ్లకి కనిపిస్తుంది. అసింక్ గారికి జరిగింది అక్కడ జరగదు.

మాదాపూర్_కొత్త
అందరికీ ధన్యవాదాలు. రాత్రి లాగ్ టైములు పక్కపక్కన పెట్టి చూశాను. ఆ గచ్చిబౌలి ఆర్డర్ మూడు హిట్ల మధ్య తేడా మూడు సెకన్లు, మళ్లీ మూడు సెకన్లు. బాబాయ్ గారు చెప్పిందే. రాత్రే పోస్ట్ మీద రిట్రై తీసేశాను. టైమౌట్‌ని రెండుగా విడగొట్టాను, మొదటి బైటు కోసం రెస్పాన్స్ 10 సెకన్లు, మొత్తానికి డెడ్‌లైన్ 30. ఇవాళ మధ్యాహ్నం ఒక్క డబుల్ ఆర్డర్ లేదు. కానీ నెట్ తెగి పడకుండా పోయిన ఆర్డర్లు నాలుగు ఉన్నాయి, నైట్‌షిఫ్ట్ అన్న చెప్పింది కూడా నిజమే. యూనిక్ ఇండెక్స్ పెట్టడానికి మా లీడ్ ఒప్పుకున్నారు. ఆ కీ ఎక్కడ తయారు చేయాలి?

నైట్‌షిఫ్ట్_రాయదుర్గం
మనిషి చెల్లింపు స్క్రీన్ తెరిచినప్పుడు యాప్‌లో ఒక్కసారి. ఫోన్‌లో దాచి పెట్టు, ఆర్డర్ ఖాయమయ్యాకే చెరిపెయ్, అప్పుడే యాప్ మూసి తెరిచినా అదే కీ వస్తుంది. గొలుసులో సెట్‌తో హెడర్‌గా ఇవ్వు, రిట్రైలో లైబ్రరీ అవే హెడర్లు మళ్లీ పంపుతుంది కాబట్టి కీ మారదు. కానీ పంపే ఫంక్షన్ లోపల తయారు చేశావంటే నొక్కిన ప్రతిసారీ కొత్త కీ, అప్పుడు ఇండెక్స్ ఉండి కూడా ఉపయోగం లేదు. ఇండెక్స్ ప్రొడక్షన్‌లోకి వెళ్లాకే రిట్రై తిరిగి పెట్టు, అంతకుముందు వద్దు.

బ్యాకెండ్_బాబాయ్
ఆ వరుస సరైనది. అదే కీని పేమెంట్ గేట్‌వేకి కూడా పంపించు. లేకపోతే ఆర్డర్ ఒకటే పడినా డబ్బు రెండుసార్లు పోవచ్చు. మైత్రివనం తమ్ముడూ, నిన్న ఊరి పేరు తీయాల్సింది కాదు.

మైత్రివనం_బ్యాచ్
సరే బాబాయ్ గారూ, అయిపోయింది.

నల్లకుంట_అక్షరం
రెండో ప్రశ్న మిగిలిపోయింది కదా. సెండ్, అటాచ్ రెండూ ఒకే రిక్వెస్ట్‌లో కలవవు, అందుకే ఆ ఎర్రర్. ఫొటోని అటాచ్‌తో ఇవ్వండి, జేసన్‌ని స్ట్రింగ్‌గా మార్చి ఫీల్డ్‌తో ఇవ్వండి, సర్వర్‌లో ఆ ఫీల్డ్‌ని పార్స్ చేసుకోండి. కంటెంట్ టైప్ హెడర్ మీరు చేత్తో పెట్టకండి, పెడితే బౌండరీ (ఒక్కో భాగాన్ని వేరు చేసే గుర్తు) పోయి సర్వర్‌కి ఏదీ అర్థం కాదు.

మాదాపూర్_కొత్త
అదే అక్కా, కంటెంట్ టైప్ నేనే పెట్టాను. ఇప్పుడు తీసేసి చూశాను, ఫొటో వెళ్లింది.