కావలి జట్టుకు న్యూకాసిల్ చారలు ఉంచాలా, తీసేయాలా?

కావలి_కెప్టెన్
అందరికీ నమస్తే. కొత్త సీజన్‌కు మన ఆదివారం ఫుట్‌బాల్ జట్టు జెర్సీలు ఆర్డర్ పెట్టాలి. మొదటి నుంచీ మనవి నలుపు తెలుపు చారలే. జట్టు పెట్టిన సీనియర్లంతా స్ట్రైకర్ అలన్ షియరర్ ఆట చూసి ఇంగ్లండ్ క్లబ్బు న్యూకాసిల్‌కు అభిమానులైనవాళ్లు కాబట్టి ఆ క్లబ్బు చారలే వచ్చాయి. ఇప్పుడు మన డిఫెండర్ ఒకతను ఆ జెర్సీ వేసుకోనంటున్నాడు. సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: 2021 అక్టోబర్ 7న న్యూకాసిల్ యునైటెడ్‌ను సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధి పీఐఎఫ్, ఇంకో ఇద్దరు భాగస్వాములతో కలిసి సుమారు 30 కోట్ల పౌండ్లకు కొనేసింది. అప్పట్లో పీఐఎఫ్ వాటా 80 శాతం. జెర్సీ ముందు వైపు కనబడే ‘సెలా’ కూడా సౌదీ కంపెనీయే. ఉంచుదామా, మారుద్దామా? శనివారం లోపు తేల్చండి, షాపాయన అడ్వాన్స్ అడుగుతున్నాడు.

ఉదయగిరి_9
మార్చే ప్రసక్తే లేదు. క్లబ్బు 1892 నుంచి ఉంది. ఓనర్లు వస్తుంటారు, పోతుంటారు. సౌదీవాళ్లకు అమ్మిన పాత ఓనరు మైక్ ఆష్లీ 2007లో కొని 2021 దాకా పీడించాడు. ఆయన హయాంలో 2009లో ఒకసారి, 2016లో ఒకసారి కింది డివిజన్‌కు పడిపోయాం. మన స్టేడియానికి సెయింట్ జేమ్స్ పార్క్ పేరు తీసేసి తన షాపుల పేరు తగిలించాడు. అధిక వడ్డీకి అప్పులిచ్చే ‘వోంగా’ పేరు మన ఛాతీ మీద వేయించాడు. అప్పుడు ఒక్కడైనా జెర్సీ వేసుకోనన్నాడా?

2025 మార్చి 16 గుర్తు చేసుకోండి. మనకు రాత్రి పది గంటలకు మొదలైంది వెంబ్లీలో లివర్‌పూల్‌తో లీగ్ కప్ ఫైనల్. హాఫ్ టైమ్ ముందు కార్నర్ వచ్చింది. డిఫెండర్ డాన్ బర్న్ తలతో గోల్ కొట్టాడు. అతను న్యూకాసిల్ పక్కనే ఉన్న బ్లైత్‌లో పుట్టినవాడు, చిన్నప్పుడు ఇదే క్లబ్బు పనికిరావని పంపేసినవాడు. తర్వాత ఇసాక్ గోల్. 2-1. 1955 తర్వాత ఇంగ్లండ్ పోటీల్లో మనం గెలిచిన మొదటి కప్పు అది. ఆ రాత్రి ఏడ్చినవాళ్లు సౌదీ రాజు కోసం ఏడ్చారా?

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
కెప్టెన్ చెప్పిన డిఫెండర్‌ను నేనే. దాచుకోవాల్సిన పని లేదు.

అన్నా, ఒక్కడైనా అన్నాడా అని అడిగావు. అన్నాడు. 2013లో మన స్ట్రైకర్ పాపిస్ సిస్సే వోంగా పేరున్న జెర్సీ తన మతవిశ్వాసానికి విరుద్ధం, వేసుకోనన్నాడు. జీతం తీసుకునే ఆటగాడే అడిగినప్పుడు డబ్బులు పెట్టి కొనుక్కునే నేను అడగకూడదా?

ఆష్లీ పిసినారి, మొండోడు. ఒప్పుకుంటా. కానీ ఆయన మీద హత్యారోపణ లేదు. పీఐఎఫ్‌కు ఛైర్మన్ సౌదీ యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్. 2018 అక్టోబర్ 2న జర్నలిస్టు జమాల్ ఖషోగ్జీ పెళ్లి కాగితాల కోసం ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి వెళ్లాడు, మళ్లీ బయటకు రాలేదు. చేసుకోబోయే అమ్మాయి గేటు బయటే నిలబడి ఉంది. పట్టుకోవడమో చంపడమో చేసే ఆ పథకానికి యువరాజు ఆమోదం ఉందని 2021 ఫిబ్రవరిలో అమెరికా నిఘా నివేదిక చెప్పింది. ఆయన కాదంటాడు. ఆ అమ్మాయి ఈ అమ్మకం ఆపమని ప్రీమియర్ లీగ్‌ను బతిమాలుకుంది. ఎవరు విన్నారు?

ఇంకో సంగతి. ఈ బేరం ఏడాదిన్నర నలిగింది కదా, ఎక్కడ అడ్డం పడిందో తెలుసా? టీవీ హక్కుల దగ్గర. ఖతర్ ఛానల్ బీఇన్ ప్రసారాలను సౌదీలో దొంగతనంగా వేస్తున్నారన్నది పెద్ద గొడవ. ఆ ఛానల్ మీద నిషేధం ఎత్తేస్తున్నామన్న వార్త వచ్చిన మర్నాడే క్లబ్బు చేతులు మారింది. మనిషి ప్రాణం కంటే కేబుల్ కనెక్షన్ ఎక్కువైంది వాళ్లకు. ఆ రక్తం అంటిన డబ్బును నేను ఛాతీ మీద వేసుకుని తిరగను.

గూడూరు_గ్లౌజులు
అసలు మనం కొనేది డూప్లికేట్. చెన్నై నుంచి వచ్చే సరుకు, ఒక్కోటి మూడొందల యాభై. సౌదీకి పైసా పోదు. ఇంత చర్చెందుకు?

ఉదయగిరి_9
సిస్సే చివరికి వేసుకున్నాడు. ఆ ముక్క ఎందుకు వదిలేశావు?

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
వేసుకున్నాడు, నిజమే. ముందు కాదన్నాడు అన్నదీ నిజమే. గూడూరన్నా, డబ్బు పోవడం ఒక్కటే కాదు విషయం. పేరు మోస్తున్నాం కదా. వాళ్లు కొన్నది ఆ పేరు మోసే మనుషుల్నే.

గూడూరు_గ్లౌజులు
పేరు మోస్తే వాళ్లకు ఏం వస్తుంది? లెక్క చెప్పు.

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
కావలి టర్ఫ్‌లో సెలా అన్న అక్షరాలు చూసి పదేళ్ల పిల్లోడు ‘అన్నా, ఇది ఏ టీము’ అని అడుగుతాడు. వచ్చేది అదే.

గూడూరు_గ్లౌజులు
పిల్లోడు డూప్లికేటే కొంటాడు.

నెల్లూరు_పసుపు
నేను ఫుట్‌బాల్ పెద్దగా చూడను, కానీ ఇలాంటిది మాకూ జరిగింది. బెట్టింగ్ వ్యవహారంలో 2015 జూలైలో లోధా కమిటీ చెన్నై సూపర్ కింగ్స్‌ను, రాజస్థాన్‌ను రెండేళ్లు ఆపేసింది. నెల్లూరులో రైలెక్కి చెపాక్‌లో దిగే బ్యాచ్ మాది. ఆ రెండేళ్లు ఎంత మంది ఎగతాళి చేశారో. 2018లో తిరిగొచ్చి కప్పు కొట్టారు, మేమూ అదే పసుపు చొక్కాతో వెళ్లాం. తప్పు చేసినవాడు వేరు, జట్టు వేరు.

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
మీ జట్టుకు శిక్ష పడింది, అనుభవించింది, తిరిగొచ్చింది. ఇక్కడ ఎవరికి పడింది శిక్ష? 2022 మార్చి 12న సౌదీలో ఒక్కరోజే 81 మందికి మరణశిక్ష అమలు చేశారు. మర్నాడు మనకు చెల్సీతో మ్యాచ్. అవతల ఆంక్షలు పడ్డ రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ జట్టు, ఇవతల మనం. విలేకరులు అడిగితే మన కోచ్ ఎడ్డీ హౌ ఆట గురించి మాత్రమే మాట్లాడతానన్నాడు. మంచి మనిషి అని పేరున్నవాడి నోరు కూడా కట్టేస్తుంది ఆ డబ్బు. నాకు బాధ అక్కడే.

ఉదయగిరి_9
సరే, నీకంత పట్టింపు ఉంటే ఒకటి అడుగుతా. ఏ సిమ్ వాడుతున్నావు? జియో కదా. 2020 జూన్‌లో ఇదే పీఐఎఫ్ 11,367 కోట్లు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 2.32 శాతం వాటా కొంది. అదే ఏడాది రిలయన్స్ రిటైల్‌లోనూ పెట్టింది. రీఛార్జ్ చేసుకుంటావు, ఆ షాపులో పప్పూ ఉప్పూ కొంటావు, నీ బండిలో పోసే పెట్రోల్‌లో సౌదీ చమురు ఉంటుంది. చారల చొక్కా దగ్గరకు వచ్చేసరికి నీకు నీతి గుర్తొచ్చిందా? సిమ్ విరిచేసి రా, అప్పుడు మాట్లాడదాం.

గూడూరు_గ్లౌజులు
జియో పాయింట్ కరెక్టే.

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
జియోకు నేను రీఛార్జ్ చేస్తాను. దాని కోసం పాట పాడను. అది ఓడిపోతే అన్నం మానేయను. కొడుకుకు దాని పేరు పెట్టాలని ఆలోచించను. న్యూకాసిల్‌కు ఇవన్నీ చేశాను. సిమ్ సరుకు, జట్టు అట్లా కాదు. ఆ తేడా మీకు తెలియక కాదు, తెలిసే సిమ్ గొడవ తెస్తున్నారు.

కందుకూరు_మాస్టారు
ఇద్దరూ కాస్త ఆగండి. అక్కడి అభిమానులకూ ఈ చిక్కు కొత్త కాదు. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను అప్పులు చేసి కొన్నప్పుడు కొందరు బయటకు వచ్చి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. కింది డివిజన్లలో ఆడుతూ 2015లో సొంత మైదానమూ కట్టుకున్నారు. జర్మనీలో అయితే చాలా క్లబ్బుల్లో సగం మీద ఒక ఓటు సభ్యుల చేతిలోనే ఉండాలన్న రూలుంది. న్యూకాసిల్‌లోనూ ఈ యాజమాన్యం వద్దని ఒక చిన్న గుంపు కరపత్రాలు పంచుతూనే ఉంది. కానీ అమ్మకానికి ముందు అభిమానుల ట్రస్ట్ సర్వే చేస్తే నూటికి తొంభై మందికి పైగా కావాలన్నారు. సొంత ఊరివాళ్లే అట్లా అన్నప్పుడు మనం ఇక్కడి నుంచి తీర్పు చెప్పడానికి కొంచెం వెనకాడాలి.

ఉదయగిరి_9
మాస్టారూ, థాంక్స్. అదే నేను చెప్పేది. ఇతను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు.

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
మీరు చూశారా? అక్టోబర్ 2021లో టాటెన్‌హామ్ మ్యాచ్ రోజు కొందరు తలకు తువ్వాళ్లు చుట్టుకుని అరబ్బుల వేషంలో స్టేడియానికి వెళ్లారు. క్లబ్బే తర్వాత అట్లా రావద్దని చెప్పాల్సి వచ్చింది. మన గ్రూపులో ఆ వేషం వేసి ఫొటో పెట్టింది మీరే కదా అన్నా. ఆటగాళ్లను మెచ్చుకోవడమంటారా దాన్ని? డబ్బు చూసి గంతులేయడం అంటారు.

ఉదయగిరి_9
ఇంక చాలు. నోరు అదుపులో పెట్టుకో.

రక్తం అంటిన డబ్బు అన్నావు. ఇప్పుడు డబ్బు చూసి గంతులు అన్నావు. మా నాన్న దమ్మాంలో ట్రైలర్ తోలాడు. ఉదయగిరి, సీతారాంపురం వైపు వచ్చి చూడు, ఎన్ని ఇళ్లు గల్ఫ్ డబ్బుతో లేచాయో. మెట్ట పొలం, బోరు వేస్తే దుమ్ము. ఆ సౌదీ జీతంతోనే మా అక్క పెళ్లి అయింది, మా ఇంటికి శ్లాబు పడింది, నేను డిగ్రీ చదివాను. నువ్వు తిట్టిన ప్రతి మాటా మా ఇంటి గోడకు తగులుతోంది. నేను ఆ ఫొటో పెట్టింది ఆష్లీ పీడ విరగడైందని, నాన్న తెచ్చిన తువ్వాలే తలకు చుట్టుకుని. నాన్న పక్కనే ఉన్నాడు, నవ్వాడు. దాంట్లో నీకు హంతకులు కనిపించారా?

గూడూరు_గ్లౌజులు
ఇళ్ల దాకా వద్దు అబ్బాయ్.

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
ఇంటి దాకా వచ్చారు కాబట్టి నేనూ చెప్తాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా మేనమామ రియాద్‌లో సెంట్రింగ్ పనికి పోయాడు, మీ నాన్నగారిలాగే. దిగిన రోజే పాస్‌పోర్ట్ కంపెనీవాళ్లు తీసుకున్నారు. కొన్నాళ్లకు జీతం ఆపేశారు. అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు, ఇకామా, రెన్యువల్ చేయలేదు. కాగితం లేకపోతే రోడ్డు మీదకు వెళ్లినా పట్టుకుంటారు, అందుకని క్యాంపులోనే ఉండిపోయాడు. అప్పట్లో కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, సంతకం లేకుండా దేశం దాటే వీలు లేదు. మా అత్త ఏజెంటు ఇంటి ముందు, ఆఫీసుల ముందు తిరిగింది. గడువు దాటిన ఆ ఇకామా జిరాక్సును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని అడిగినవాళ్లకల్లా చూపించేది. అరబీలో ఏం రాసుందో ఆమెకు తెలియదు. మామ చివరికి చేతిలో రూపాయి లేకుండా వచ్చాడు. ఇప్పుడు ఎవరితోనూ సరిగా మాట్లాడడు.

మీ నాన్నగారు సంపాదించింది కష్టార్జితం. దాన్ని నేను ఒక్క మాటా అనలేదు, అనను. మీ నాన్నగారు చెమట అమ్మి జీతం తెచ్చుకున్నాడు, వాళ్లకు రుణపడలేదు. మా మామకు రావాల్సింది ఎగ్గొట్టారు. ఆ ఎగవేతలను సాగనిచ్చిన ప్రభుత్వమే ఒక ఆటగాడికి వారానికి లక్ష పౌండ్లు ఇవ్వగల క్లబ్బును నడుపుతుంటే మా మామ ముందు ఆ చొక్కాతో ఎట్లా నిలబడను?

ఉదయగిరి_9
ఆ సంగతి ముందే చెప్పాల్సింది తమ్ముడూ. మీ మామ విషయం వింటే కడుపు తరుక్కుపోయింది. మా నాన్న క్యాంపులోనూ అట్లాంటివాళ్లు ఉన్నారని చెప్పేవాడు.

అయినా నా మాట మారదు. ఎందుకో చెప్తాను. నాన్నకు కఫీల్‌ను ఎంచుకునే వీలు లేదు. దొరికిన పని చేశాడు, నోరు మూసుకున్నాడు, మమ్మల్ని పెంచాడు. మనలాంటివాళ్లకు ఎవరి డబ్బు శుభ్రమో చూసి బతికే స్తోమత ఎప్పుడూ లేదు. ఇప్పుడు ఆటలో కూడా ఓనరు చేతులు శుభ్రంగా ఉన్నాయా అని చూసి ప్రేమించాలంటే నాకు ఒక్క జట్టూ మిగలదు. ఆదివారం ఆ గంటన్నర నాది. దాంట్లోకి ఏ రాజునూ రానివ్వను.

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
మనం విడిపోయేది సరిగ్గా అక్కడే అన్నా. పనిలో ఎంచుకునే వీలు లేదు కాబట్టే, ఎంచుకోగలిగిన చోట ఎంచుకోవాలంటాను. మామ తలొంచాడు, గత్యంతరం లేక. నాకు ఆట దగ్గర ఎవరి బలవంతమూ లేదు. అక్కడ కూడా తలొంచితే ఆ తప్పు నాదే. మీరు రాజును రానివ్వనంటారు, ఆయన జెర్సీ ముందు భాగం మీదే ఉన్నాడు. సౌదీ ప్రభుత్వం క్లబ్బును నడపదని ప్రీమియర్ లీగ్‌కు రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. 2023లో అమెరికా గోల్ఫ్ కేసులో మాత్రం పీఐఎఫ్ గవర్నరు, మన క్లబ్బు ఛైర్మన్ అయిన అల్-రుమయ్యన్ సౌదీ ప్రభుత్వంలో పదవిలో ఉన్న మంత్రి అని వాళ్ల లాయర్లే కోర్టుకు రాసిచ్చారు.

నెల్లూరు_పసుపు
ఈ కోర్టు సంగతి నాకు తెలియదు. ఇద్దరివీ పెద్ద మాటలే.

గూడూరు_గ్లౌజులు
సెలా ప్రింట్ తీసేస్తే ఒక్కో జెర్సీకి ముప్ఫై తగ్గుతుంది. కనుక్కున్నాను.

కావలి_కెప్టెన్
అయితే నా నిర్ణయం వినండి. చారలు ఉంటాయి. అవి సీనియర్లు పెట్టినవి, ఏ దేశం సొత్తూ కాదు. ముందు వైపు సెలా బదులు ‘కావలి’ అని తెలుగులో వేయిస్తాను. న్యూకాసిల్ చిహ్నం ఉంచాలా వద్దా అన్నది ఆదివారం మ్యాచ్ అయ్యాక చేతులెత్తి తేలుద్దాం. లెఫ్ట్‌బ్యాక్, ఇట్లా అయితే వస్తావా?

ఒంగోలు_లెఫ్ట్‌బ్యాక్
చిహ్నం లేకపోతే వేసుకుంటాను. ఉంటే రాను. ఇది అలక కాదు, మామ ముందు నా మొహం చెల్లాలి.

ఉదయగిరి_9
చిహ్నం తీసేస్తే నేను నా పాత జెర్సీతోనే ఆడతాను, ఫైన్ వేస్తే కడతాను. ఆదివారం చేతులెత్తే ముందు నాకు ఐదు నిమిషాలు మాట్లాడే టైమ్ ఇవ్వాలి. అతనికీ ఇవ్వండి. ఆ మామ సంగతి అందరూ వినాలి, ఆ తర్వాతే ఓటు.

కావలి_కెప్టెన్
ఇద్దరికీ ఐదేసి నిమిషాలు. మిగతావాళ్లు సైజులు పంపండి.