అప్‌డేట్: తప్పు తూటాది కాదు, నా వేలిదే

పాయింట్ 22 రివాల్వర్‌తో టార్గెట్ మీద కొడితే అన్నీ ఎడమవైపు కిందికే పడుతున్నాయి, తూటాలు మార్చాలా అని పోయిన నెల అడిగాను కదా. విజయవాడలో మా కోచ్ గారు సిలిండర్‌లో మధ్యమధ్య కాల్చేసిన ఖాళీ తొడుగులు పెట్టి, చెప్పకుండా తిప్పి చేతికిచ్చారు. ఖాళీది వచ్చినప్పుడల్లా ఏమీ పేలకుండానే గొట్టం మూతి కిందికి వంగింది, అంటే పేలుతుందన్న జంకుతో నేనే ట్రిగ్గర్ గుంజి కిందికి వంచేస్తున్నానన్నమాట. సిగ్గేసిందండీ! ఇప్పుడు హ్యామర్ (తూటాను కొట్టే సుత్తి) ముందే బొటనవేలితో వెనక్కి లాగి, అంటే సింగిల్ యాక్షన్‌లోనే కొడుతున్నాను, ట్రిగ్గర్ తేలిగ్గా కదులుతోంది.

తూటా కూడా మార్చాను లెండి. వేగం ఎక్కువుండే హై వెలాసిటీ మానేసి, కాస్త నెమ్మదైన స్టాండర్డ్ వెలాసిటీ, 40 గ్రెయిన్ (గుండు బరువు) వాడుతున్నాను. 15 మీటర్లలో ఆరూ అరచేతి వెడల్పులోనే పడుతున్నాయి. ఒక్కటే చిరాకు: కాసేపటికి మసి, గుండు మీది మైనం సిలిండర్ రంధ్రాల్లో పేరుకుని తూటా పూర్తిగా లోపలికి దిగదు. అంచు కాస్త పైకుంటే హ్యామర్ దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది, పేలదు. అందుకే బ్రష్ జేబులోనే ఉంటోంది.