పెద్ద యుద్ధాలను బల్ల మీద ఎలా ఆడిస్తున్నారు?

కోటగుమ్మం:
మా కథ ముట్టడి దాకా వచ్చింది. బయట 600 మంది ఓర్కులు (రాక్షస జాతి), లోపల 200 మంది కాపలా సైనికులు, వారి మధ్య ఏడో లెవెల్‌కు చేరిన అయిదుగురు ప్లేయర్లు. ఆడుతున్నది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా పాచికలు వేస్తూ కథ నడిపే ఆట), 2014 నాటి అయిదో ఎడిషన్. గేమ్ మాస్టర్‌గా కథ నడిపించేది నేనే. ఒక్కో సైనికుడికీ పాచిక వేస్తూ పోతే ఆరు సెకన్ల రౌండ్ ముగిసేసరికి తెల్లవారుతుంది. అలాగని ఫలితం నేనే నిర్ణయించి చదివి వినిపిస్తే ఇన్నాళ్లు ఆడినదానికి అర్థం ఉండదు. అనుభవం ఉన్నవారు దారి చెప్పండి.

ఇరవైముఖాలు:
ముందు పాచికల బెడద వదిలించుకోండి. గేమ్ మాస్టర్ పుస్తకంలోనే గుంపు దాడికి ఒక పట్టిక ఉంది, ఎవరూ దాని ముఖం చూడరు. ఎదుటివాడి ఆర్మర్ క్లాస్ (వాడిని కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె) నుంచి దాడి బోనస్ (కొట్టేవాడి పాచికకు కలిసే అంకె) తీసేస్తే ఇరవై ముఖాల పాచిక మీద ఎంత పడాలో వస్తుంది. ఎంతమందికి ఒక దెబ్బ తగులుతుందో పట్టిక చెబుతుంది. దాడి బోనస్ 4 ఉన్న గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు) 40, ఎదుట ఆర్మర్ క్లాస్ 17 ఉన్న ఫైటర్ (యోధుడి పాత్ర) అనుకోండి. 13 పడాలి. ముగ్గురికి ఒకటి చొప్పున 13 దెబ్బలు. సంభావ్యత ప్రకారం 16 రావాలి, పట్టిక కాస్త దయగలదే. దెబ్బకు సగటున 5 అయితే మొత్తం 65. ఏడో లెవెల్ ఫైటర్‌కు ఉండేవి ఇంచుమించు 60 హిట్ పాయింట్లు (ప్రాణబలం). ఒక్క రౌండ్‌లో నేలకూలాడు!

అయితే బల్ల మీది గళ్ల పటంలో మనిషి చుట్టూ ఉండేవి ఎనిమిది గళ్లే. మిగతావారు విల్లు పట్టాలి, లేదా వంతు కోసం ఆగాలి. ఇరుకు గుమ్మంలో నిలబడితే ఇద్దరు ముగ్గురికి మించి మీద పడలేరు. ఈ లెక్క ప్లేయర్లకు ముందే చూపించండి, ఎక్కడ నిలబడాలో వాళ్లే వెతుక్కుంటారు.

పాతపాచిక:
అసలు ఈ ఆట పుట్టిందే సైన్యాల ఆటలోంచి. 1971లో వచ్చిన చైన్‌మెయిల్ నియమాల్లో ఒక్కో బొమ్మ 20 మంది సైనికులకు లెక్క. దాని మీద ఆనుకునే 1974లో గైగాక్స్, ఆర్నెసన్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. నేను ఇప్పటికీ ఆ పాత కొలతే వాడతాను. 20 మందికి ఒక బొమ్మ, ఒక పాచిక. మీ ఓర్కులు 30 బొమ్మలు, కాపలావారు 10. బల్ల మీద సులువుగా పడతాయి.

నిశాచరి:
పాతపాచిక గారూ, గౌరవంగానే విభేదిస్తున్నాను. గేమ్ మాస్టర్ అటూ ఇటూ తానే బొమ్మలు జరుపుతుంటే ప్లేయర్లు ఫోన్లు తీస్తారు. సైన్యం లెక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. సావేజ్ వరల్డ్స్ అనే మరో ఆటలో పెద్ద సైన్యానికి 10 టోకెన్లు, రెండోదానికి నిష్పత్తి ప్రకారం. మీ ముట్టడి 10కి 3 అవుతుంది. రౌండుకోసారి ఇద్దరు సేనాపతులూ పాచిక వేస్తారు, ప్లేయర్లు చేసిన పని తమ సేనాపతికి కలుస్తుంది. అంతే.

మిగతా సమయమంతా ప్లేయర్లదే. నేనైతే ఇలా పెడతాను: తూర్పు బురుజు కింద సొరంగం తవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఉత్తర ద్వారాన్ని ఒక ట్రోల్ దూలంతో గుద్దుతోంది. మెట్ట మీద ఓర్కు మంత్రగాళ్లు ఏదో క్రతువు మొదలుపెట్టారు. మూడింటికీ వెళ్లే వ్యవధి లేదు, రెండు ఎంచుకోమంటాను. వదిలేసినదానికి ఏమవుతుందో ఆటకు ముందే కాగితం మీద రాసి మడిచి బల్ల మీద పెడతాను. ఆ కాగితం వంక చూస్తూ వాళ్లు పడే వాదులాట ఏ పోరాటానికీ తీసిపోదు.

బూడిదచేతులు:
మంత్రాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫైర్‌బాల్ (నిప్పుల గోళం విసిరే మంత్రం) వ్యాసార్ధం 20 అడుగులు, గళ్ల మీద నలభైకి పైగా గళ్లు. ఓర్కులు ఒత్తుగా బారులు తీరితే ఒక్క మంత్రానికి ఆ గళ్లలో ఉన్నవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పోతారు, తప్పించుకున్నవారూ కొన ఊపిరితో మిగులుతారు. ఏడో లెవెల్ విజర్డ్ (మంత్రగాడి పాత్ర) రోజుకు మూడు నాలుగు సార్లు దాన్ని వేయగలడు. అలాంటి లోకంలో ఏ సేనాపతీ సైనికులను భుజం భుజం ఆనించి నిలబెట్టడు. విడివిడిగా, చీకట్లో, గోడకు నాలుగు వైపుల నుంచీ పంపుతాడు. మీ ఓర్కులకూ ఆ మాత్రం తెలివి ఉండనివ్వండి.

కోటగుమ్మం:
నిశాచరి గారి మడిచిన కాగితం నాకు బాగా నచ్చింది, తప్పకుండా పెడతాను. ఒక్క సందేహం. మా రేంజర్ (విలుకాడి పాత్ర ఆడే ప్లేయర్) గోడ మీద నుంచి ఓర్కు నాయకుణ్ణే ముందు కొట్టేస్తానంటాడు. కొడితే యుద్ధం అక్కడే ముగిసిపోదా?

పాతపాచిక:
ముగియదు, తిరుగుతుంది. ఇదే ఆట 1981 నాటి బేసిక్ నియమాల్లో మొరేల్ (పోరాడే ధైర్యం) అని ఒకటుంది, అది తెచ్చుకోండి. తమ వైపు మొదటి మనిషి పడినప్పుడు, తర్వాత సగం మంది పడినప్పుడు రెండు ఆరు ముఖాల పాచికలు వేయాలి. మొరేల్ అంకెను మించితే పారిపోతారు. ఓర్కులకు 8, నాయకుడు పోతే 6. అంటే పారిపోయే అవకాశం 28 శాతం నుంచి 58 శాతానికి ఎగబాకుతుంది. దళానికోసారి వేయండి. కొన్ని చెదురుతాయి, కొన్ని పగతో ముందుకు వస్తాయి. ఇక రేంజర్ సంగతంటారా, జెండా కింద ఒకే కవచం తొడిగిన ముగ్గుర్ని నిలబెట్టండి. అసలువాడెవడో తెలియాలంటే ఎవరో ఒకరు రాత్రి గోడ దిగి వెళ్లి రావాలి.