అమెరికా కాలేజీల్లో నోరు నొక్కింది ఎవరు?

గోదారి గట్టు:

వీసాల చర్చలో ఇద్దరు ముగ్గురు దారి తప్పి కొట్టుకుంటున్నారు కాబట్టి దీన్ని విడిగా పెడుతున్నా. అమెరికా యూనివర్సిటీల్లో భావప్రకటన స్వేచ్ఛను చంపింది ట్రంపేనని ఒకాయన, కాదు, డీఈఐ ఆఫీసులూ వామపక్ష ప్రొఫెసర్లూ పదేళ్ల కిందటే చంపేశారని ఇంకొకాయన. (డీఈఐ అంటే వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకుపోవడం కోసమని కాలేజీలు పెట్టుకున్న విభాగాలు.)

నేను రెండో ఆయన వైపు. 2015లో యేల్‌లో ఒకావిడ, హాలోవీన్‌కి ఏ వేషం వేసుకోవాలో పిల్లలే తేల్చుకోగలరు, కాలేజీ చెప్పక్కర్లేదు అని ఈమెయిల్ రాస్తే ఎంత రచ్చ చేశారంటే ఆవిడ అక్కడ పాఠాలు చెప్పడమే మానేసింది. 2017లో మిడిల్‌బరీ కాలేజీలో జాతి, ఐక్యూల మీద వివాదాస్పద పుస్తకం రాసిన చార్లెస్ మర్రేని అరిచి మాట్లాడనివ్వలేదు, అది చాలక బయటికొచ్చేటప్పుడు తోపులాటలో ప్రొఫెసర్ అలిసన్ స్టాంగర్‌ మెడకి దెబ్బ తగిలింది. ఆవిడ డెమొక్రాట్, ఆయన్ని గట్టిగా ప్రశ్నలడగడానికే వేదిక ఎక్కింది! 2023లో స్టాన్‌ఫర్డ్ లా స్కూల్లో ఒక ఫెడరల్ జడ్జి మాట్లాడబోతే గోల. సర్దిచెప్పాల్సిన డీఈఐ అసోసియేట్ డీన్ మైకు దగ్గరికొచ్చి, ముందే రాసుకొచ్చిన కాగితం చూస్తూ జడ్జికే క్లాసు పీకింది.

అదే ఏడాది డిసెంబర్ 5న హార్వర్డ్, పెన్ (పెన్సిల్వేనియా యూనివర్సిటీ), ఎంఐటీ ప్రెసిడెంట్లను కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చోబెట్టి, యూదుల్ని ఊచకోత కోయాలని పిలుపివ్వడం మీ నిబంధనలకు విరుద్ధమా కాదా అని అడిగితే, సందర్భాన్ని బట్టి ఉంటుందన్నారు. చట్టం ప్రకారం అది తప్పు జవాబేమీ కాదు. కానీ హాలోవీన్ వేషాల దగ్గర సందర్భం చూడనివాళ్లు ఇక్కడ చూస్తామంటే ఎవడు నమ్ముతాడు? నాలుగు రోజుల్లో పెన్ ప్రెసిడెంట్, నెల తిరక్కుండా హార్వర్డ్ ప్రెసిడెంట్ దిగిపోయారు (హార్వర్డ్ ఆవిడ మీద గ్రంథచౌర్యం ఆరోపణలు కూడా తోడయ్యాయి లెండి). ఇప్పుడు ట్రంప్ ప్రభుత్వం వీళ్లకి నిధులు ఆపేస్తుంటే అయ్యో అనేవాళ్లు లేరంటే ఆశ్చర్యం ఏముంది?

షికాగో యూనివర్సిటీ 1967లోనే కాల్వెన్ రిపోర్టు రాసుకుంది. ప్రొఫెసర్లూ విద్యార్థులూ ఏదైనా మాట్లాడొచ్చు, యూనివర్సిటీ మాత్రం సంస్థగా రాజకీయాల్లో ఎవరి పక్షమూ వహించకూడదని. మిగతావాళ్లు కూడా అది పాటించి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

నల్లకోటు:

గోదారి గారూ, ఉదాహరణలు నిజమే. కానీ కాలేజీ లోపలి గొడవల్నీ, ప్రభుత్వం నోరు నొక్కడాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

భావప్రకటన స్వేచ్ఛను కాపాడే అమెరికా రాజ్యాంగ మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్ని. బర్క్‌లీ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీకి అది వర్తిస్తుంది, హార్వర్డ్, యేల్ ప్రైవేటు కాబట్టి వాటికి నేరుగా వర్తించదు. విద్యార్థులు సభ చెడగొట్టడం అసహ్యమే, కాదనను. దానికి కాలేజీ లోపలే మందు ఉంది. స్టాన్‌ఫర్డ్ లా డీన్ జడ్జికి క్షమాపణ చెప్పి, పది పేజీల లేఖ రాసి, భావప్రకటన స్వేచ్ఛ మీద విద్యార్థులందరికీ పూటంతా క్లాసు తప్పనిసరి చేసింది. ప్రభుత్వం వచ్చి మీ అడ్మిషన్లు, మీ నియామకాలు మేం చెప్పినట్టు ఉండాలి, లేదంటే 220 కోట్ల డాలర్లు ఆపేస్తాం అంటే దానికి లోపల మందు లేదు, కోర్టుకి పోవాల్సిందే. 2025 ఏప్రిల్‌లో హార్వర్డ్‌కి జరిగింది అదే, సెప్టెంబర్‌లో బోస్టన్ జడ్జి అలిసన్ బరోస్ అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. కొలంబియా మాత్రం 20 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది.

ఇంకోటి, ఇది ట్రంప్‌తో మొదలవలేదు. 2022లో ఫ్లోరిడా, జాతి గురించి కొన్ని భావాలను ప్రొఫెసర్లు సమర్థిస్తూ పాఠం చెప్పకూడదని ఏకంగా చట్టమే చేసింది. కోర్టు నిలిపేసింది కాబట్టి సరిపోయింది. ఈమెయిల్ మీద పిల్లలు అలగడం గొప్ప ప్రమాదం, చట్టం చేసి ప్రొఫెసర్ నోరు కట్టేయడం చిన్న విషయమా?

గుంటూరు ఘాటు:

లాయర్ గారు తీర్పులు చదివినంత శ్రద్ధగా మా పిల్లల అడ్మిషన్లు చూసి ఉంటే బాగుండేది. ఏళ్ల తరబడి ఆసియా పిల్లలకి హార్వర్డ్‌లో ‘వ్యక్తిత్వం’ అనే గడిలో మార్కులు కోసేసినప్పుడు ఈ స్వేచ్ఛావాదులంతా ఎక్కడున్నారు? 2023 జూన్ 29న సుప్రీంకోర్టు హార్వర్డ్ కేసులో జాతి చూసి సీట్లివ్వడం కొట్టేసింది, మరుసటి ఏడాది ఎంఐటీలో ఆసియా అమెరికన్లు 40 శాతం నుంచి 47 శాతానికి పెరిగారు. డీఈఐ పోతే మనకే లాభం. మెరిట్ ఉంటే చాలు, ఇంకేం వద్దు.

ఓరుగల్లు:

ఘాటు గారూ, ఎంఐటీ లెక్క ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఎలా. అదే ఏడాది యేల్‌లో ఆసియా పిల్లలు 30 నుంచి 24 శాతానికి పడిపోయారు, ప్రిన్స్‌టన్‌లోనూ తగ్గారు. ఎంఐటీలో నల్లజాతి విద్యార్థులు 15 నుంచి 5 శాతానికి వచ్చేశారు, అది మీకు లెక్కలోకి రాలేదు.

మెరిట్ మాటకొస్తే, మీరు చెప్పిన ఆ హార్వర్డ్ కేసులోనే బయటపడ్డ లెక్క ఇంకోటుంది. సీటొచ్చిన తెల్ల పిల్లల్లో 43 శాతానికి పైగా క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల పిల్లలో, అక్కడ పనిచేసేవాళ్ల పిల్లలో, డీన్ ప్రత్యేకంగా గుర్తుపెట్టుకున్న జాబితాలోని వాళ్లో. తాతగారు చదివాడని మనవడికి సీటివ్వడం ఏ మెరిట్? దాన్ని సుప్రీంకోర్టు ముట్టుకోలేదు. కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీల్లో తాతల లెక్క చూడకూడదని 2024లో చట్టం చేస్తే మన గ్రూపుల్లో పండగ చేసుకున్నవాళ్లని నేను చూడలేదు.

పైగా మనవాళ్ల సంగతి మనకి తెలియదా? 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని చేర్చగానే ప్రవాసుల్లో ఎంత గగ్గోలు! భారతీయ సంతతి ప్రొఫెసర్లు ఇద్దరు కోర్టుకెక్కారు. 2023లో రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం చేయబోతే గవర్నర్ న్యూసమ్ వీటో చేసేదాకా మనవాళ్లు నిద్రపోలేదు, ఇప్పుడున్న చట్టాల్లోనే ఆ రక్షణ ఉందన్నాడు ఆయన. సరే, ఆ వాదన వాదనగా వినొచ్చు. కానీ అమెరికాలో కులం లేదు అంటూనే, రూమ్మేట్ కోసం వచ్చిన కుర్రాడి ఇంటిపేరు అడిగి, ఏ ఊరని అడిగి, నాన్‌వెజ్ తింటావా అని అడిగి, చివరికి రూమ్ ఆల్రెడీ ఇచ్చేశాం బ్రో అని చెప్పడం ఎంతమంది చూడలేదు? డీఈఐ ఆఫీసులో పనికిమాలిన ట్రైనింగ్ వీడియోలు బోలెడు, నేనూ చూశాను, రెండో నిమిషానికే సౌండ్ తీసేశాను. అయినా ఆ కుర్రాడు వెళ్లి చెప్పుకోవడానికి ఒక తలుపు ఉండాలి కదా.

గుంటూరు ఘాటు:

వచ్చింది కులం. ఏ చర్చ మొదలుపెట్టినా నాలుగో పోస్టుకి ఇక్కడికే చేరతారు.

ఓరుగల్లు:

మీరు మెరిట్ అన్నారు, నేను కులం అన్నాను. రెండూ ఒకే చర్చలోకి రాకూడదంటే ఎట్లా.

పీహెచ్‌డీ బాధితుడు:

అన్నలారా, మీరంతా సిటిజన్లో గ్రీన్ కార్డులో అయి ఉంటారు, అందుకే 2015 హాలోవీన్ గురించి ఇంకా మాట్లాడుకోగలుగుతున్నారు.

నేను మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఉన్నా. మా తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఇదివరకు సబ్‌లీజులు, పాత పరుపులు, ఇండియా నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులో పచ్చళ్లకి చోటుందా, ఇంతే. 2025 మార్చిలో విదేశీ విద్యార్థుల అరెస్టులు మొదలయ్యాక ప్రశ్నలు మారిపోయాయి. నిరసన ఫొటోకి లైక్ కొట్టాను, తీసేస్తే కూడా కనిపిస్తుందా? క్యాంపస్ పేపర్లో నా పేరుతో వచ్చిన వ్యాసం తీయించొచ్చా? స్పీడింగ్ టికెట్ కట్టేశాను, అయినా సెవిస్ రికార్డు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం పెట్టుకునే రికార్డు) పోతుందా? ఈ చివరిది ఊరికే టెన్షన్ కాదు, ఏప్రిల్‌లో వేలమంది విద్యార్థుల రికార్డులు అలాగే రద్దు చేసి, కేసులు పడ్డాక నెలాఖరుకి వెనక్కి తగ్గారు.

టఫ్ట్స్‌లో పీహెచ్‌డీ చేసే టర్కీ అమ్మాయి రుమేసా ఓజ్‌టుర్క్ చేసిందేమిటి? మరో ముగ్గురితో కలిసి కాలేజీ పేపర్లో ఒక వ్యాసం రాసింది, గాజా విషయంలో విద్యార్థి సెనేట్ తీర్మానాల్ని యూనివర్సిటీ పట్టించుకోవాలని. అరవలేదు, ఎవరి సభా చెడగొట్టలేదు. ఏడాది తర్వాత ముసుగులేసుకున్న ఏజెంట్లు వీధిలో పట్టుకుని లూసియానాలో ఆరు వారాలు నిర్బంధించారు. స్వేచ్ఛ గురించి గోదారి గారు చెప్పే పాఠం ప్రకారం ఆ అమ్మాయి ఏ తప్పు చేసినట్టు? 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టుకోవాలి. ఇంకా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న పిల్లాడికి అమెరికా కాలేజీ మొదటి పాఠం అదీ, క్లాసులో అడుగు పెట్టకముందే.

రెండు లోన్లు:

బాబూ, నీ బాధ అర్థమైంది గానీ ఒక తల్లిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకు. మా వాడు ఎమ్మెస్‌కి వెళ్లింది మాట్లాడడానికా, ఉద్యోగానికా? బ్యాంకు లోను ఒకటి, ఇంటి మీద తీసుకున్నది ఇంకోటి. ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) ఒక సంవత్సరం, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సు) కాబట్టి ఇంకో రెండేళ్లు, ఆలోపు హెచ్‌వన్ వీసా రాకపోతే ఏం చేయాలో మాకు తెలియదు. 2024-25లో ఓపీటీవాళ్లతో కలిపి ఇండియా విద్యార్థులు 3,63,019 మంది అక్కడ ఉన్నారట, వాళ్లలో ఎంతమంది వాక్ స్వాతంత్ర్యం కోసం వెళ్లారు? నోరు మూసుకుని చదువుకో నాన్నా అని నేనే రోజూ చెప్తున్నా. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది?

పీహెచ్‌డీ బాధితుడు:

సిగ్గేం లేదమ్మా, మా అమ్మ కూడా అదే చెప్తుంది. కానీ ఆ ఉద్యోగం చదువు కూడా నోరు తెరవకుండా వచ్చేది కాదు. నేను టీఏగా (టీచింగ్ అసిస్టెంట్) ఉన్న క్లాసులో పార్టిసిపేషన్‌కి మార్కులున్నాయి. మన పిల్లలు కోడింగ్ అసైన్‌మెంట్లో నూటికి తొంభై తెచ్చుకుని అక్కడ సున్నా తెచ్చుకుంటారు. ప్రొఫెసర్ బోర్డు మీద తప్పు రాస్తే, ముందు వరుసలో కూర్చున్న మనవాడు తన నోట్సులో సరిచేసి రాసుకుంటాడు తప్ప చెయ్యెత్తడు. ఎందుకు చెప్పలేదురా అంటే, ఆయన ఫీలవుతాడేమో అన్నా అంటాడు. ఇంటర్వ్యూలో అదే పిల్లాణ్ని నీ డిజైన్ ఎందుకు సరైనదో వాదించు అంటే చెమటలు పడతాయి.

నల్లకోటు:

అమ్మా, చదువు దేనికి అన్న మీ ప్రశ్న అమెరికా వాళ్లకీ తెగలేదు. 2015లో విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ బడ్జెట్ బిల్లులో, వాళ్ల యూనివర్సిటీ లక్ష్యాల నుంచి ‘సత్యాన్వేషణ’ ముక్క కొట్టేసి, రాష్ట్రానికి కావాల్సిన ఉద్యోగుల్ని తయారుచేయడం అని పెట్టించాడు. జనం మండిపడితే, రాతలో పొరపాటు జరిగింది అన్నాడు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 2023లో 28 కోర్సులు ఎత్తేసింది, విదేశీ భాషలు చాలావరకు పోయాయి. ఉద్యోగం ఒక్కటే లెక్కైతే ముందు పోయేవి అలాంటివే, ఆ తర్వాత మీ అబ్బాయి చదివే కోర్సుకి కూడా ఎవడో ఒకడు అదే లెక్క వేస్తాడు.

ఇక గోదారి గారికి. కాల్వెన్ రిపోర్టు మీరు సగమే చెప్పారు. యూనివర్సిటీ ఉనికికే, దాని పరిశోధనా స్వేచ్ఛకే ముప్పు వచ్చినప్పుడు మాత్రం సంస్థగా నిలబడి ఎదిరించడం దాని బాధ్యత అని అందులోనే ఉంది. సొంత విద్యార్థిని వ్యాసం రాసినందుకు పట్టుకుపోతే అది ముప్పు కాదా?

గోదారి గట్టు:

ఆ భాగం నాకు తెలుసు, అందుకే ఆ రిపోర్టు నాకు నచ్చుతుంది. రష్యా యుద్ధం మీద ఒక ప్రకటన, ఎన్నికల మీద ఒక ప్రకటన, కోర్టు తీర్పు మీద ఇంకో ప్రకటన అంటూ అన్నిటికీ నోరు పారేసుకున్న యూనివర్సిటీ ప్రెసిడెంటు, సొంత ఇంటి మీదికి వచ్చినప్పుడు మాట్లాడితే ఇది కూడా వాటిలో ఒకటే అనుకుంటారు జనం. 2025 ఏప్రిల్‌లో వందల మంది ప్రెసిడెంట్లు ప్రభుత్వ జోక్యం వద్దని ఉమ్మడి ప్రకటన మీద సంతకం పెట్టారు. ఎంతమందికి గుర్తుంది? ఓజ్‌టుర్క్ అరెస్టు అన్యాయం, అందులో రెండో మాట లేదు. ఆ అమ్మాయి తరఫున మాట్లాడే అర్హతను కాలేజీలు పదేళ్లుగా ఖర్చు చేసుకున్నాయన్నది నా వాదన, అక్కడే ఉన్నా.

కానీ ఒక్కరు పద్ధతిగా చేశారు. 2025 అక్టోబర్‌లో వైట్‌హౌస్ తొమ్మిది యూనివర్సిటీలకి ఒక ఒప్పందం పంపింది, సంతకం పెడితే నిధుల్లో ప్రాధాన్యం అని. అందులో విదేశీ అండర్‌గ్రాడ్ విద్యార్థులు 15 శాతం మించకూడదు, ఒక్క దేశం నుంచి 5 శాతం మించకూడదు. అందరికన్నా ముందు కాదన్నది ఎంఐటీ ప్రెసిడెంట్ శాలీ కోర్న్‌బ్లూత్, 2023లో ఆ కమిటీ ముందు కూర్చున్న ముగ్గురిలో పదవి నిలుపుకున్న ఒకే ఒక్కావిడ. సైన్స్‌కి నిధులు సైన్స్ మెరిట్ చూసే ఇవ్వాలి అని రాసింది. ఘాటు గారూ, మీకిష్టమైన మాటే.

గుంటూరు ఘాటు:

5 శాతం అండర్‌గ్రాడ్‌కి. మనోళ్లు ఎక్కువమంది వెళ్లేది ఎమ్మెస్‌కి, మనకి తగలదు.

రెండు లోన్లు:

మా చిన్నమ్మాయి వచ్చే ఏడాది అండర్‌గ్రాడ్‌కే అప్లై చేస్తోందండీ. ఆ తొమ్మిదింటి పేర్లు ఎవరైనా పెట్టగలరా?

ఓరుగల్లు:

ఎంఐటీ, పెన్, బ్రౌన్, డార్ట్‌మత్, వాండర్‌బిల్ట్, యూఎస్‌సీ, వర్జీనియా, అరిజోనా, టెక్సస్ ఆస్టిన్. పాపకి ఆల్ ది బెస్ట్ అమ్మా. ఘాటు గారూ, ఈ ఐదు శాతంలో మెరిట్ ఎక్కడుందో మీరు ఇంకా చెప్పలేదు.