పొలంలో గుడ్లగూబ పెట్టె కడితే ఎలుకల మందు మానేయొచ్చా?

గట్టుమీదరైతు:
మాది గోదావరి డెల్టా అండి. మూడున్నర ఎకరాల వరి. ఈ దాళ్వాలో, అంటే రెండో పంటలో, చేను పొట్ట మీద ఉండగా ఎలుకలు నడిమధ్యన కొట్టేశాయి. గట్టు మీంచి చూస్తే చేను నిండుగా కనిపిస్తుంది, లోపలికి దిగితే గానీ తెలీదు. ఎలుకల్ని పట్టే బుట్టలు పెట్టించాను, నూకల్లో మందు కలిపి బొరియల్లో వేశాను. పది రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలెట్టాయి. ఇజ్రాయెల్‌లో పొలాల్లో చెక్కపెట్టెలు కట్టి గుడ్లగూబలను పెంచుతున్నారని మా మేనల్లుడు ఫోన్లో వీడియో చూపించాడు. అది మా పక్క చేలాయనకు చెబితే, "గుడ్లగూబలకు అంత సత్తా ఉంటే ఇన్నాళ్లూ ఎలుకలెందుకు మిగిలాయి?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

పిట్టలపిచ్చోడు:
తప్పకుండా కట్టండి. ముఖం తెల్లగా హృదయం ఆకారంలో ఉండే గుడ్లగూబ ఉంది చూడండి, మనవాళ్లు చావుపిట్ట అని పాపం చెడ్డపేరు పెట్టారు, అదీ మీకు కావలసిన పిట్ట. పిల్లల్ని సాకే జంట ఏడాదికి వెయ్యికి పైగా ఎలుకల్ని పట్టేస్తుంది. మీ మేనల్లుడు చూపించింది నిజమే. 1983లో స్దే ఎలియాహు అనే కిబ్బుత్జ్‌లో, అంటే అందరూ కలిసి సాగుచేసుకునే ఊళ్లో, కొన్ని పెట్టెలతో మొదలై ఇప్పుడు ఇజ్రాయెల్‌లో వేల పెట్టెలయ్యాయి. తర్వాత జోర్డాన్, పాలస్తీనా రైతులూ కలిశారు. దేశాలకు పడకపోయినా పిట్టకు సరిహద్దుతో పనిలేదు కదా!

లెక్కలమాస్టారు:
పిట్టకు సరిహద్దుతో పనిలేదన్నారు, అక్కడే ఉంది చిక్కు. దానికి ఈయన మూడున్నర ఎకరాల సర్వే నంబరు తెలీదు. ఆ వెయ్యి ఎలుకలూ చుట్టుపక్కల ఎన్ని వందల ఎకరాల్లోంచి వస్తాయో లెక్కేయండి. రెండోది, పొలం ఎలుకకు మూడు వారాల గర్భం, ఈతకు ఆరేడు పిల్లలు, ఆ పిల్లలు మూడు నెలలు తిరక్కుండానే తల్లులవుతాయి. గుడ్లగూబ గుడ్డు పొదగడానికే నెల, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఈ పరుగుపందెంలో ఎవరు గెలుస్తారో చెప్పాలా?

ఇంకో ముచ్చట. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హోవ్ దీవిలోకి 1918లో ఒడ్డుకు గుద్దుకున్న ఓడలోంచి ఎలుకలు దిగాయి. వాటిని తింటాయని 1920లలో గుడ్లగూబల్ని తెచ్చి వదిలారు. ఎలుకలు పోయాయా? వందేళ్లు ఉన్నాయి. చివరికి 2019లో దీవి మొత్తం మందు పెట్టి వదిలించుకున్నారు, ఆ గుడ్లగూబల్నీ తీసేయాల్సి వచ్చింది. సీషెల్స్‌లో 1949లో ఎలుకల కోసమే తెచ్చిన గుడ్లగూబలు తీరిగ్గా అక్కడి తెల్లని సముద్రపు పిట్టల మీద పడ్డాయి. ఎలుకలు ఎక్కువైతే గుడ్లగూబలు ఎక్కువవుతాయి. అంతేగానీ గుడ్లగూబలు ఎక్కువైతే ఎలుకలు మాయమవుతాయన్నది మన కోరిక మాత్రమే.

పిట్టలపిచ్చోడు:
దీవుల కథ వేరు మాస్టారూ. కొత్త చోటికి బలవంతంగా తెచ్చిన పిట్టలవి. ఇక్కడ మనం ఉన్న పిట్టకే ఇల్లు కట్టిస్తున్నాం.

పాతజువాలజీ:
రిటైరైన లెక్చరర్‌ని. ఇద్దరూ చెరో చివర పట్టుకుని లాగుతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అనే అడవిలో సదర్న్ అనే శాస్త్రవేత్త 1947 నుంచి 1959 దాకా గోధుమరంగు గుడ్లగూబల్ని ఏటా గమనించాడు. 1958లో ఎలుకలు, పొట్టితోక ఎలుకలు బాగా పడిపోయాయి. ఆ ఏడాది ఒక్క జంట కూడా పిల్లల్ని చెయ్యలేదు. పెద్దవి చచ్చిపోలేదు, ఎగిరిపోలేదు. ఎవరి చోటులో వాళ్లు కూర్చుని, సంసారం వాయిదా వేసుకున్నాయంతే.

మన తెల్లముఖం పిట్ట పద్ధతి ఇంకో రకం. గుడ్లన్నీ ఒక్కసారిగా పెట్టదు, రెండు మూడు రోజులకొకటి పెడుతుంది. మొదటిది పెట్టిన రోజు నుంచే పొదగడం మొదలు. అందుకని ఒకే గూట్లో పెద్దపిల్లకు ఈకలు వస్తుంటే చివరిది ఇంకా బొచ్చు ముద్దలా పడుంటుంది. తిండి నిండుగా ఉంటే అయిదారూ బతుకుతాయి, అదే ఏడాది రెండోసారి కూడా పెడుతుంది. ఎలుకలు తగ్గాయా, పెద్దవి ముందు లాక్కుంటాయి, చిన్నది ఆకలితో పోతుంది, ఒక్కోసారి దాన్ని అన్నదమ్ములే తినేస్తాయి. చూడ్డానికి ఘోరం. కానీ ఏడాది ఎలా ఉంటుందో ముందే తెలియని పిట్టకు అంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

ఎలుక జాతినే నమ్ముకున్నవి ఇంకా అవస్థపడతాయి. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో లెమ్మింగులు, అంటే మంచు ప్రాంతాల్లో ఉండే ఎలుకలాంటి చిన్న జంతువులు, మూడు నాలుగేళ్లకోసారి విపరీతంగా పెరిగేవి. 2000 దాటాక ఆ పెరుగుదల ఆగిపోయింది. మంచు గుడ్లగూబల గూళ్లూ దాదాపు ఆగిపోయాయి.

కాబట్టి మాస్టారి మాటలో సగం ఒప్పుకుంటాను. ఎలుకల సంఖ్యను ముఖ్యంగా తేల్చేది మీ చేను. ఊరంతా ఒకేసారి నాట్లు వేయకపోతే ఒక మడి కోసేలోగా ఇంకోటి పొట్టకొస్తుంది, ఎలుకకు విందు ఆగదు. గుడ్లగూబ ఎప్పుడూ దాని వెనకాల ఒకడుగు ఆలస్యంగా నడుస్తుంది. ఎలుకలు విరగబడ్డాక అది వచ్చి ఆపలేదు. తక్కువగా ఉన్నప్పుడు, అంటే కోతలయ్యాక, సార్వా (తొలకరి పంట) నాట్లకు ముందు, పెరగనివ్వకుండా కొంత పట్టి ఉంచగలదేమో. అంతకు మించి ఆశించొద్దు.

పిట్టలపిచ్చోడు:
ఒకటి మర్చిపోయారు సార్. తిండి ఒక్కటే కాదు, ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. మలేషియా పామాయిల్ తోటల్లో ఎలుకలకు కొదవే లేదు, అయినా 1960ల చివరి దాకా అక్కడ ఈ పిట్ట అరుదు. తొర్రలున్న చెట్లు ఉండవుగా. పెట్టెలు కట్టాకే సంఖ్య పెరిగింది. మన దగ్గర తొర్రపడ్డ తాటిచెట్లు కొట్టేశాం, పెంకుటిళ్లు పోయి స్లాబులొచ్చాయి. ఎలుకలున్నాయి, అది పిల్లల్ని పెట్టుకునే చోటేది?

లెక్కలమాస్టారు:
ఇది మంచి పాయింటు, ఒప్పుకుంటున్నాను. కానీ మీ ఉదాహరణ తేల్చేది గుడ్లగూబలు పెరిగాయన్నదే. ఎలుకలు తగ్గాయా అన్నది వేరే ప్రశ్న.

విత్తనాలకొట్టు:
మందులు అమ్ముకునేవాణ్ణి, నా మాట మీద అనుమానముంటే తప్పులేదు. పెట్టె కట్టి పక్కనే బ్రోమడియోలోన్ అనే ఎలుకల మందు వేస్తే ఆ పెట్టె దండగ. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. గుడ్లగూబకు ముందు దొరికేది అదే. ఎలుక ఒంట్లో ఉన్న మందు పిట్ట ఒంట్లోకి పోతుంది. బ్రిటన్‌లో చచ్చి దొరికిన ఈ పిట్టల్ని పరీక్షిస్తే చాలా వాటిలో ఇలాంటి మందుల ఆనవాళ్లు దొరుకుతున్నాయి. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో మందు త్వరగా చంపుతుంది కానీ ఒకసారి దెబ్బతిన్న ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. ముందు రెండు రోజులు ఉత్తి నూకలు అలవాటు చేయాలి. గుడ్లగూబలు కావాలనుకుంటే బుట్టలకే ఖర్చు పెట్టండి, నాకు నష్టమే అయినా.

గట్టుమీదరైతు:
అందరికీ దండాలండి. ఒక పెట్టె కడతాను. మా ఆవిడ ఇంటి దగ్గర మాత్రం వద్దంది, చావుపిట్ట కూస్తే ఎవరో పోతారని ఆమె భయం. చేలోనే కొబ్బరిచెట్టుకు కట్టిస్తా. మందు ఈ సార్వాకు ఆపి, బుట్టలవాళ్లతో పక్క చేలు కూడా కలిపి మాట్లాడదామనుకుంటున్నా. ఇదంతా పక్క చేలాయనకు చదివి వినిపించాను. చివరి దాకా విని, "అయితే మన ఎలుకల్ని పెట్టి దాని పిల్లల్ని మనం మేపాలన్నమాట" అన్నాడు. తిట్టాడో ఒప్పుకున్నాడో అర్థం కాలేదు. పెట్టె కొలతలు చెబుతారా?

పిట్టలపిచ్చోడు:
ద్వారం ఐదారు అంగుళాలు చాలు. ద్వారం అంచు నుంచి పెట్టె అడుగున ఉండే చెక్క వరకు అడుగున్నర లోతు ఉండేలా చూడండి. లోతు తక్కువైతే ఎగరడం రాని పిల్ల తిండి కోసం ఎగబడి కింద పడిపోతుంది. పడితే కాకులు ఉంచవు.