‘టార్పాలిన్ కెప్టెన్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: 17వ శతాబ్దపు ఇంగ్లండు నౌకాదళం గురించి అనువదిస్తున్నాను. ‘టార్పాలిన్ కెప్టెన్’ అన్న మాట పదేపదే వస్తోంది. ‘బరకం కెప్టెన్’ అంటే ఎవరికీ అర్థం కాదు. ఏం రాయాలి?

జవాబు: ధాన్యం రాశుల మీద మనం కప్పే టార్పాలిన్, ఈ టార్పాలిన్ ఒకటే. మొదట్లో అది నీరు దిగకుండా తారు పూసిన గుడ్డ. నావికులు అలాంటి బట్టలే తొడుక్కునేవారు కాబట్టి ఆ పేరు మనుషులకూ అంటుకుంది. చిన్నతనంలోనే ఓడెక్కి, పని నేర్చుకుంటూ పైకి వచ్చినవాడు టార్పాలిన్ కెప్టెన్. రాజాస్థానంలో పలుకుబడితో ఓడ దక్కించుకున్న పెద్దింటివాడు జెంటిల్మన్ కెప్టెన్. ఇద్దరికీ పడేది కాదు.

అలాంటి టార్పాలిన్ కెప్టెన్ క్రిస్టఫర్ మింగ్స్ కథ తెలిస్తే మాట బరువు తెలుస్తుంది. నార్ఫోక్ తీరంలో పుట్టి, చిన్న వయసులోనే సముద్రం మీదికి వెళ్లాడు. 1653లో తన కెప్టెన్ యుద్ధంలో చనిపోతే ఓడ బాధ్యత అతనికి దక్కింది. తర్వాత జమైకా వెళ్లి అక్కడి స్పెయిన్ వలస ఊళ్లను దోచాడు. 1659 దాడిలో దొరికిన వెండిని పైవాళ్లకు లెక్క చెప్పకుండా తనవాళ్లకు పంచాడన్న ఆరోపణపై ఇంగ్లండుకు పంపేశారు. ఆ దోపిడీని నేను సమర్థించను. అయినా నావికులు అతన్ని ఎందుకంతగా నమ్మారో అక్కడే కనిపిస్తుంది. 1665లో సర్ బిరుదు వచ్చింది. తన తండ్రి చెప్పులు కుట్టేవాడని అతను తరచూ గర్వంగా చెప్పుకునేవాడని నౌకాదళ కార్యాలయ అధికారి శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాశాడు.

1666 జూన్‌లో డచ్చివారితో నాలుగు రోజుల యుద్ధంలో తూటా దెబ్బలు తిని, కొద్ది రోజులకే చనిపోయాడు. అంత్యక్రియలు ముగిశాక డజను మంది నావికులు కన్నీళ్లతో నౌకాదళ అధికారి కోవెంట్రీ బండి దగ్గరికి వచ్చారు. తమకు ఒక అగ్నినౌక ఇప్పించమని, ప్రాణాలకు తెగించి తమ నాయకుడి పగ తీర్చుకుంటామని వేడుకున్నారు. అగ్నినౌక అంటే మండే సరుకు నింపి, నిప్పంటించి, శత్రునౌకల మీదికి తోలే ఓడ. ఇదంతా చూసిన పీప్స్ చలించిపోయాడు.

మరొకరు: ‘కళాసీ కెప్టెన్’ అంటే?

జవాబు: బాగుంది. కాకపోతే నేడు కళాసీ అంటే రేవులో బరువులు ఎత్తే మనిషి కూడా గుర్తొస్తాడు. మొదటిసారి ‘కళాసీగా మొదలై కెప్టెనైనవాడు’ అని విడమరచి, తర్వాత ‘కళాసీ కెప్టెన్’ అనండి. జెంటిల్మన్‌కు ‘దొరబిడ్డ కెప్టెన్’ సరిపోతుంది.