జనవరి నెలాఖరులో గుల్మార్గ్ స్కీయింగ్ ప్రయాణం: విశాఖ నుంచి ఏ దుస్తులు తీసుకెళ్ళాలి?

ప్రశ్న: సీతమ్మధార వాసి

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళాక జనవరి నెలాఖరులో మా కుటుంబం ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌కు, అక్కడి నుంచి గుల్మార్గ్‌కు వెళ్ళి స్కీయింగ్ నేర్చుకోవాలని అనుకుంటున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి నేర్చుకుంటాం. అరవై దాటిన మా అత్తయ్యగారు మంచు చూడడానికి వస్తున్నారు. ఆవిడ చీర తప్ప మరొకటి కట్టరు, మార్చుకోమని మేము అడగబోవడమూ లేదు.

మా ఇంట్లో ఉన్న చలిబట్టలన్నీ అరకు, లంబసింగి వెళ్ళినప్పుడు కొన్నవే: నాలుగు స్వెట్టర్లు, రెండు మంకీ క్యాపులు, ఒక జీన్స్ జాకెట్, శాలువాలు. వీటిలో ఏవి పనికొస్తాయో, ఏవి కొత్తగా కొనాలో, ఏవి అక్కడే అద్దెకు తీసుకోవచ్చో తెలియజేయగలరు. విమానంలో ఒక్కొక్కరికి 15 కిలోల సామాను, చేతిలో 7 కిలోలు మాత్రమే అనుమతిస్తారు కాబట్టి కనిపించినదల్లా కుక్కుకుని వెళ్ళే వీలు లేదు. ఇంకొక కోరిక కూడా ఉంది. మంచులో తీసుకునే ఫొటోలు అందంగా ఉండాలి, సాయంత్రం భోజనానికి కూర్చున్నప్పుడు కూడా చక్కగా కనిపించాలి. వెచ్చదనంకోసం ఆ ముచ్చట వదులుకోక తప్పదా?

జవాబు: ఉక్కునగరం

వదులుకోనక్కరలేదండీ. మంచు మీద అందమూ సౌకర్యమూ ఒకే దుస్తుల్లో కుదురుతాయి, కాకపోతే లోపలి నుంచి బయటికి ఆలోచించాలి.

గుల్మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కార్) మొదటి దశ దిగే కొంగ్‌డూరి 3,000 మీటర్లు దాటుతుంది, రెండో దశ అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లు దాటిన చోట దింపుతుంది. డిసెంబరు 21న మొదలై 40 రోజులపాటు సాగే గడ్డు చలిని కాశ్మీరీలు ‘చిల్లయ్ కలాన్’ అంటారు, మీరు వెళ్ళేది సరిగ్గా దాని చివరి రోజులకు. అయితే స్కీయింగ్‌లో ఇబ్బంది పెట్టేది కేవలం చలి కాదు. నేర్చుకునేవాళ్ళు పడుతూ లేస్తూ, స్కీలు మోసుకుంటూ వాలు ఎక్కుతూ ఉంటారు కాబట్టి పది నిమిషాల్లో చెమట పట్టేస్తుంది. ఆ తరువాత శిక్షకుడి మాట వినడానికి నిలబడగానే ఆ చెమటే ఒంటిని చల్లబరిచి వణికిస్తుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తుంది కనుక, మంచులో వెచ్చగా ఉండడమంటే ముఖ్యంగా పొడిగా ఉండడమే.

అందువల్ల ఒంటికి తగిలే మొదటి పొరలో నూలు బట్ట అసలు ఉండకూడదు. మన ఊళ్ళో ఏడాది పొడవునా మనల్ని కాపాడే కాటన్ బనియన్ అక్కడ చెమటను పీల్చుకుని తడిగా ఒంటిని అంటుకుని ఉండిపోతుంది. మెరినో ఉన్ని థర్మల్ అయితే తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా వెచ్చగానే ఉంటుంది, రెండు మూడు రోజులు వేసుకున్నా త్వరగా వాసన పట్టదు. అది ఖరీదు అనిపిస్తే పాలియెస్టర్ థర్మల్ తీసుకోండి, అదీ బాగానే పనిచేస్తుంది. ఒక్కొక్కరికి రెండు జతలు చాలు. రెండో పొరగా పల్చని ఫ్లీస్ (మెత్తని నూగు ఉన్న కృత్రిమ బట్ట) ఒకటి ఉండాలి. మీ ఇంట్లో ఉన్న స్వెట్టర్లలో అచ్చమైన ఉన్నివి ఉంటే ఫ్లీస్ బదులు వాటినే వాడుకోవచ్చు. మూడో పొర నీటినీ గాలినీ ఆపే జాకెట్, ప్యాంటు. వాటి చీటీ మీద 10,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే, అంత ఎత్తున నిలిచిన నీటి ఒత్తిడిని కూడా ఆ బట్ట ఆపగలదని అర్థం. నేర్చుకునేవాళ్ళకు అది సరిపోతుంది. కొనేముందు జాకెట్‌ను లోపలివైపు తిప్పి కుట్లను చూడండి. కుట్ల పొడవునా సన్నని పట్టీ అతికించి ఉంటేనే నీరు లోపలికి దిగదు, పైబట్ట ఎంత మంచిదైనా సరే. జీన్స్ జాకెట్‌ను మాత్రం దయచేసి ఇంట్లోనే ఉంచండి. తడిస్తే సాయంత్రానికి కాదు కదా, మర్నాటికి కూడా ఆరదు.

నా సలహా ఏమిటంటే ఒంటికి తగిలేవి కొనుక్కోండి, బయటివి అద్దెకు తీసుకోండి. థర్మల్స్, సాక్సులు, గ్లౌజులు, మెడకు తొడుక్కునే గొట్టంలాంటి గుడ్డ సొంతవి కావాలి. స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్, ప్యాంటు అక్కడ అద్దెకు దొరుకుతాయి.

సాక్సుల విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బందిపడేది అక్కడే. చలి ఎక్కువ కదా అని రెండు జతల సాక్సులు వేసుకుంటారు. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్ డిప్ప కనుక లోపల చోటు పెరగదు. రెండో సాక్సు ముడతపడి పాదాన్ని నొక్కి రక్తప్రసరణను తగ్గిస్తుంది, వేళ్ళు మరింత చల్లబడతాయి. మోకాలి కిందివరకూ వచ్చే పల్చని ఉన్ని సాక్సు ఒక్కటే వేసుకోవాలి. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి వెళ్ళకూడదు. పిక్క దగ్గరే ఆగిపోయే ముప్పావు పొడవు థర్మల్ దొరికితే సమస్యే ఉండదు. పొద్దున బూటు తొడిగాక సాక్సు మీద చేయి పోనిచ్చి, ఎక్కడా మడత లేదని చూసుకున్న తరువాతే బకిల్స్ బిగించండి.

జవాబు: ఎంవీపీ కాలనీ

అమ్మా, పై సలహాలన్నీ సరైనవే. నేను మీ అత్తయ్యగారి చీర సంగతి, మీ ముచ్చట సంగతి చెబుతాను.

చీరతో గుల్మార్గ్‌లో నిక్షేపంగా తిరగవచ్చు. నూలు చీర వద్దు, పట్టు చీర గానీ ఉన్ని కలిసిన చీర గానీ తీసుకెళ్ళమనండి. లోపల ఉన్ని థర్మల్ ప్యాంటు, దానిపైన కాటన్ లంగాకు బదులు శాటిన్ లంగా వేసుకుంటే మంచు తగిలినా లంగా అంతగా నీరు పీల్చదు. రవిక బదులు మెడ వరకూ ఉండే పొడుగు చేతుల థర్మల్ వేసుకోవచ్చు. చీరకు నప్పే రంగులో తీసుకుంటే చూడడానికీ బాగుంటుంది. కుచ్చిళ్ళు చీలమండకు నాలుగు వేళ్ళు పైకి ఉండేలా కట్టాలి. ఫాల్స్ కుట్టిన అంచుకే మంచు ఎక్కువగా పట్టుకుంటుంది. బయట ఉన్నంతసేపూ అది పొడిగానే కనిపిస్తుంది, గదిలోకి రాగానే కరిగి కాళ్ళ మీదికి కారుతుంది. కాబట్టి లోపలికి అడుగుపెట్టేముందు అంచును బాగా దులపమనండి. పైన మోకాళ్ళు దాటే ఉన్ని కోటు గానీ, శ్రీనగర్‌లో కొనుక్కున్న ఫెరన్ (కాశ్మీరీలు వేసుకునే వదులైన పొడుగు అంగీ) గానీ వేసుకుంటే చీర కూడా కొంత కనిపిస్తుంది, పెద్దావిడకు హుందాగా ఉంటుంది. గుల్మార్గ్‌కు వెళ్ళే దారిలో ఉన్న టంగ్‌మార్గ్‌లో పొడుగు కోట్లు, గమ్ బూట్లు అద్దెకు ఇస్తారు. బూట్లు తీసుకునేటప్పుడు అడుగుభాగం తిరగేసి గాళ్ళు లోతుగా ఉన్నాయో లేదో చూడండి. అరిగిపోయిన అడుగుతో గట్టిపడిన మంచు మీద నడిస్తే జారిపడతారు. స్లెడ్జ్ మీద కూర్చుంటే పమిటను నడుములో దోపుకోవాలి.

ఇక మీ ఫొటోల గురించి. మంచులో మీరు ఎన్ని పొరలు వేసుకున్నా ఫొటోలో కనిపించేవి మూడే: జాకెట్, టోపీ, గాగుల్స్. అందుకని నాలుగు జాకెట్లు మోసుకెళ్ళడం అనవసరం. జాకెట్ ఒక్కటే మంచి రంగులో తీసుకుని, ప్యాంటు నలుపు గానీ ముదురు బూడిదరంగు గానీ ఉంచుకుని, టోపీలూ మెడగుడ్డలూ మాత్రం రెండు మూడు రంగుల్లో పెట్టుకోండి. అవి అరచేతిలో పట్టేంత ఉంటాయి, ఏ రోజు ఫొటో ఆ రోజుకు వేరుగా కనిపిస్తుంది. తెలుపు, లేత బూడిదరంగు జాకెట్లు దుకాణంలో ఎంత అందంగా కనిపించినా వద్దు. మంచులో కలిసిపోతాయి, ఫొటో మాట అటుంచితే వెనక నుంచి స్కీలమీద వచ్చేవాళ్ళకు మీరు కనిపించరు. ఎరుపు, నారింజ, పసుపు, నెమలికంఠం రంగులు మన ఛాయకూ నప్పుతాయి, దూరానికీ కనిపిస్తాయి. చున్నీ గానీ వేలాడే స్కార్ఫు గానీ స్కీయింగ్ చేసేటప్పుడు అసలు వద్దు. వాలుపైకి తీసుకెళ్ళే స్కీ లిఫ్టులో చిక్కుకుంటే ప్రాణానికే ప్రమాదం.

సాయంత్రానికి వేరే సూట్‌కేసు అక్కరలేదు. మరుసటి రోజు వేసుకోబోయే పొడి థర్మల్ మీద ఉన్ని కుర్తా, దానిపైన మంచి శాలువా వేసుకుంటే విందుకైనా సరిపోతుంది. మీ దగ్గర శాలువాలు ఉన్నాయి కదా, అవి పనికొచ్చేది అప్పుడే.

జవాబు: గాజువాక

పెద్దలకు జాకెట్ అద్దెకు తీసుకోవచ్చు గానీ, మీ అమ్మాయికి మాత్రం కొని తీసుకెళ్ళమనే చెబుతాను. అద్దె దుకాణాల్లో పిల్లల కొలతలు తక్కువగా ఉంటాయి. వదులు జాకెట్ తగిలిస్తే మెడ దగ్గరా మణికట్టు దగ్గరా మంచు దూరుతుంది, పాప గంటలో ఇంటికి పోదామంటుంది. పొడుగు కొంచెం ఎక్కువైనా పరవాలేదు, మణికట్టు దగ్గర బిగించే పట్టీ మాత్రం ఉండాలి. పిల్లలకు అయిదు వేళ్ళ గ్లౌజులకంటే వేళ్ళన్నీ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి, తొడగడమూ సులువు. రెండు జతలు పెట్టండి, ఒకటి తప్పకుండా తడుస్తుంది. మిట్టెన్లకు తాడు కుట్టి జాకెట్ చేతుల్లోంచి పోనిస్తే పోగొట్టుకోవడం ఉండదు.

ప్రశ్న వేసినవారు: సీతమ్మధార వాసి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అత్తయ్యగారికి చీర సంగతి చదివి వినిపించాను, ఆవిడ అప్పుడే బీరువాలోంచి పట్టు చీరలు తీసి చూసుకుంటున్నారు. ఇంకొక్క సందేహం మిగిలింది. మావారికి కళ్ళజోడు ఉంది, ఆయన గాగుల్స్ ఎలా పెట్టుకోవాలి? అసలు మామూలు చలవ కళ్ళద్దాలు సరిపోవా? హెల్మెట్ కింద మంకీ క్యాప్ వేసుకోవచ్చా?

జవాబు: ఉక్కునగరం

చలవ కళ్ళద్దాలు నడిచేటప్పుడు సరిపోతాయి, స్కీయింగ్‌కు చాలవు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, పైగా తాజా మంచు వాటిలో 80 శాతం వరకూ తిప్పికొడుతుంది. అంటే ఎండ పైనుంచే కాదు, కిందినుంచి కూడా కళ్ళను కొడుతుంది. రక్షణ లేకపోతే కళ్ళు మండి, నీళ్ళు కారి, కొంతసేపు చూడలేని స్థితి వస్తుంది. కళ్ళజోడు మీదుగా పెట్టుకునేందుకు వీలుగా లోతైన చట్రంతో, పక్కల గాడి ఉన్న గాగుల్స్ అమ్ముతారు. దుకాణంలో ‘మావారికి’ అని అడిగి కొనేయకుండా, ఆయననే కళ్ళజోడుతో దుకాణానికి తీసుకెళ్ళి పెట్టించి చూడండి. అద్దం లోపలివైపు ఆవిరి పట్టకుండా రెండు పొరలు ఉండాలి. ముక్కు కొనకు, గడ్డం కిందికి కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి.

మంకీ క్యాప్ హెల్మెట్ కింద పెట్టుకోవద్దు. దాని మందానికి హెల్మెట్ తలకు సరిగ్గా కూర్చోదు, దెబ్బ తగిలినప్పుడు పక్కకు జారుతుంది. తలనూ మెడనూ కలిపి కప్పే పల్చని ఫ్లీస్ తొడుగు వేరే దొరుకుతుంది. మంకీ క్యాపులు అత్తయ్యగారికి ఇవ్వండి, గొండోలా కోసం నిలబడినప్పుడు అంతకంటే మంచివి లేవు.

జవాబు: మర్రిపాలెం

సర్దుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. విశాఖలో బయలుదేరేటప్పుడే థర్మల్ వేసుకోవద్దు. విమానాశ్రయానికి చేరేలోపే చెమటతో తడిసి, అదే తడితో శ్రీనగర్‌లో దిగుతారు. మామూలు బట్టలతో ఎక్కి, థర్మల్ జతను చేతి సంచిలో పైన పెట్టుకుని, ఢిల్లీలో విమానం మారేటప్పుడు మార్చుకోండి. జాకెట్లు చేతి మీద వేసుకుంటే పెట్టెలో బరువూ చోటూ మిగులుతాయి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి, ఒంటికి రాసుకునేందుకు దాని బదులు మందపాటి క్రీము, పెదవులకు లిప్ బామ్ పెట్టుకోండి.

మన ఊరి గాలికి సంబంధించిన జాగ్రత్త ఇంకొకటి ఉంది. ఇంట్లో పాత ట్రెక్కింగ్ బూట్లు ఉంటే ప్రయాణానికి రెండు వారాల ముందే వేసుకుని కొంతదూరం నడిచి చూడండి. బూట్ల అడుగున వాడే పాలీయురిథేన్ తేమగాలికి లోలోపలే చెడిపోతుంది. అలమరలో కొత్తవాటిలా కనిపించిన బూట్లు నాలుగడుగులు వేయగానే పెళ్ళలు పెళ్ళలుగా విడిపోతాయి. సముద్రం పక్కన ఉన్న మనకు ఈ బెడద ఎక్కువ.

తిరిగొచ్చాక జాకెట్లను కొద్దిపాటి సబ్బుతో ఉతికి, బట్టను మెత్తబరిచే ద్రవాలేవీ వాడకుండా, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఆ ద్రవాలు వాడితే పైబట్ట మీద నీరు జారిపోయే గుణం తగ్గుతుంది. ప్లాస్టిక్ సంచిలో బిగించి పెట్టవద్దు, బూజు పడుతుంది. నూలు సంచిలో వదులుగా పెట్టి, ఉన్నివాటి మధ్య కలరా ఉండలు వేసి, వానాకాలంలో ఎండ కాసిన రోజు ఒకసారి బయటికి తీసి గాలి తగలనివ్వండి.